హెబ్రీ నుంచి కోయకు ఎంత దూరం?

ఆదివారం పొద్దున గోదావరి గట్టు వెంబడి దుమ్ముగూడెం వైపు వెళ్తుంటే, దారిలో ఏ చర్చి దగ్గర ఆగినా ప్రార్థన ముగిసే చోట రెండు మాటలు చెవిన పడతాయి. ఒకటి ఆమేన్. రెండోది హల్లెలూయా. పలికేవాళ్లలో కోయలుంటారు, తెలుగువాళ్లుంటారు, బడి గడప తొక్కని ముసలివాళ్లూ ఉంటారు. ఆ మాటలు తెలుగు కావు, కోయ కావు, చాలామంది అనుకునేట్టు ఇంగ్లీషూ కావు. అచ్చమైన హెబ్రీ. హల్లెలూ అంటే స్తుతించండి. చివరి యా దేవుని పేరులోని మొదటి ముక్క. వేల ఏళ్ల కిందట యెరూషలేము దేవాలయంలో పాడిన మాటను భద్రాచలం అడవి అంచున ఒక అవ్వ ఏ తడబాటూ లేకుండా పలుకుతుంది.

మాటైతే వచ్చింది. ఆ మాట పుట్టిన భాషను చదువుకునే వీలు మాత్రం అంత తొందరగా రాలేదు. ఈ సీమలో ఆ చదువు చరిత్రకు నూట అరవై ఏళ్ల వయసుంది. అది మొదలైంది బడిలో కాదు, ఒక ఆనకట్ట పని దగ్గర.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ కన్ను ఎగువ గోదావరి మీద పడింది. నదిలో అడ్డం వచ్చే రాతి పట్టెలను కాలువలతో, లాకులతో దాటించగలిగితే నడిదేశపు పత్తిని పడవల్లో సముద్రం దాకా తేవచ్చని ఆయన ఆలోచన. అలాంటి అడ్డంకుల్లో మొదటిది దుమ్ముగూడెం దగ్గర ఉంది. అక్కడ పని చూడడానికి వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. ఆ ఏటి నుంచి నదికి ఒక పక్క ఖమ్మం నిజాం ఏలుబడి, రెండో పక్క భద్రాచలం ఇంగ్లీషు ఏలుబడి. 1874లో భద్రాచలం తాలూకాను మద్రాసు రాజధానిలో కలిపారు.

హేగ్ పగలంతా రాళ్లు, సున్నం, కూలీల లెక్కలు చూసేవాడు. చుట్టూ ఉన్న కోయలకు క్రైస్తవం చెప్పాలన్న పట్టుదల కూడా ఆయనకు ఉండేది. ఈ పనిలో ఆయనకు తోడు నిలిచిన మనిషి వెంకటరామరాజు. సర్కారు ఉద్యోగి అయిన ఈయన క్రైస్తవం పుచ్చుకుని, తరవాత కోయల మధ్య బోధకుడయ్యాడు. ఇలా 1860ల మొదట్లో చర్చి మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్‌కు దుమ్ముగూడెం కేంద్రమైంది. ఒక ఇంజనీరు, ఒక తెలుగు గుమాస్తా కలిసి వేసిన పునాది అది. మిషన్ చరిత్రలు హేగ్ పేరును ఎంత గట్టిగా చెబుతాయో రాజు పేరునూ అంత గట్టిగా చెప్పాలి. ఊళ్లు తిరిగి మాట్లాడిన గొంతు ఆయనదే.

జలమార్గం పనులను సర్కారు 1871లో మానేసింది. పత్తి పడవలు రానే రాలేదు. మిషన్ మాత్రం నిలిచింది. గోండి మాండలికాలను పక్కపక్కన పెట్టి అదే ఇంటిపేరున్న మరో అధికారి వుల్జ్‌లీ హేగ్ చేసిన పదపట్టిక 1897లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. కోయ భాష తెలుగుకు యాస కాదని, గోండికి దగ్గరి చుట్టమని అలాంటి పట్టికలు చూస్తేనే తెలుస్తుంది. ఒక్క మాట చాలు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. గోండిలో ఏర్ అంటే నీళ్లు. మూలం ఒకటే అయినా తెలుగు ఆ మాటను ప్రవాహానికి ఉంచుకుంది, గోండి కుండలోకి తెచ్చుకుంది.

ఇంజనీరు హేగ్ తరవాత దుమ్ముగూడెం పేరుతో ముడిపడిన పాదిరీ జాన్ కెయిన్. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఆయన రాసిన వ్యాసాలు 1876 నుంచి 1881 దాకా ఇండియన్ యాంటిక్వరీలో వచ్చాయి. కోయల పెళ్లిళ్లు, చావులు, పండుగలు, దేవరలు, ఇంటిపేర్లు అన్నీ వాటిలో ఉన్నాయి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాల గ్రంథం వేసినప్పుడు కోయల అధ్యాయానికి ఎక్కువగా కెయిన్ రాతల మీదే ఆధారపడ్డాడు. దుమ్ముగూడెం మిషన్ కాలంలోనే లూకా సువార్త కోయ భాషలోకి వచ్చి, తెలుగు లిపిలో అచ్చయింది. సొంత లిపి లేని భాషకు అది చిన్న విషయం కాదు.

ఆ చిన్న పుస్తకం వెనక ఒక ఎగుడుదిగుడు ఉంది. లూకా రాసింది గ్రీకులో. ఇంగ్లండులో పై చదువు చదివిన పాదిరీలకు ఆ రోజుల్లో గ్రీకు కొత్త కాదు. కోయ మాటలు అందించిన మనుషులకు మాత్రం గ్రీకు అక్షరం నేర్చుకునే దారి లేదు. ఒకరికి మూలం తెలుసు, ఇంకొకరికి గమ్యం తెలుసు. మధ్యలో తెలుగు, ఇంగ్లీషు దుబాసీల్లా నిలబడ్డాయి.

తెలుగు బైబిలు కూడా ఇదే దారిలో నడిచింది. 18వ శతాబ్దం తొలి సగంలో మద్రాసులో ఉన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది చేతిరాతగానే మిగిలిపోయింది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషన్ వాళ్లు జార్జ్ క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్. వీళ్లకు క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయరు తోడయ్యాడు. వాళ్ల చేతి మీదుగా వచ్చిన సువార్తలు బెంగాలులోని శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1812లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చిలో ఆ ముద్రణాలయం అగ్గిపాలై చాలా భాషల అచ్చక్షరాలు కరిగిపోయాయి. అయినా పని ఆగలేదు. విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన 1818లో వచ్చాయి. పూర్తి తెలుగు బైబిలు 1854లో మద్రాసులో వెలువడింది.

ఆ అనువాదకులు మూలభాషలను ఎంత శ్రద్ధగా చూశారో ఖమ్మం పల్లెల్లో వినబడే పేర్లే చెబుతాయి. ఇంగ్లీషు మోజెస్ తెలుగులో మోషే. ఐజాయా యెషయా అయ్యాడు. ఈవ్ మనకు హవ్వ. ఇవన్నీ హెబ్రీ ఉచ్చారణకు ఎంతో దగ్గరగా ఉన్న రూపాలు. యెషయా అని కొడుక్కి పేరు పెట్టుకున్న తండ్రి తెలియకుండానే లండన్ వీధిని దాటేసి యెరూషలేము వీధిలోకి వెళ్లాడు.

గ్రీకు వైపు చూస్తే సువార్త అన్న మాటను చూడాలి. గ్రీకులో యువాంగెలియోన్: యు అంటే మంచి, అంగెలియా అంటే కబురు. సు, వార్త. ఒక్కో ముక్కకు ఒక్కో ముక్క అతికినట్టు సరిపోయింది. ఇంగ్లీషువాళ్ల గాస్పెల్ అన్న మాటలో ఆ కీళ్లు ఇప్పుడు కనబడవు. మన మాటలో ఇంకా కనబడతాయి. బాప్తిస్మము కథ వేరు. దాన్ని అనువదించకుండా గ్రీకు మాటనే ఉంచారు. గ్రీకు క్రియకు ముంచడం అని అర్థం. ఆ అర్థాన్నే అనువాదంలో పెట్టాలని బాప్టిస్టులు పట్టుబట్టడంతో 1830లలో బెంగాలీ బైబిలు విషయంలో బైబిలు సొసైటీతో పెద్ద తగాదా వచ్చి, డబ్బు సాయమే ఆగిపోయింది. ఒక్క క్రియాధాతువు సంఘాల మధ్య గోడ కట్టగలదు. మూలభాషల చదువు పండితుల కాలక్షేపం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ చదువుకు మన దేశంలో పట్టా ఇచ్చే అధికారం సంపాదించింది ఆ శ్రీరాంపూరే. మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో అక్కడ కాలేజీ పెట్టారు. ఆ ఊరు అప్పట్లో డెన్మార్క్ వాళ్లది. డెన్మార్క్ రాజు ఆరో ఫ్రెడరిక్ 1827లో డిగ్రీలు ఇచ్చుకునే హక్కుతో కాలేజీకి సనదు రాసిచ్చాడు. 1845లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చినా సనదు చెల్లుబాటులోనే ఉంది. అయితే దాన్ని వాడుకోవడానికి చాలా కాలం పట్టింది. జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపాలుగా ఉండగా 1915లో ముగ్గురికి మొదటి బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టాలు దక్కాయి. 1918లో బెంగాల్ చట్టంతో సెనేట్ ఏర్పడి, ఇతర ఊళ్ల దైవశాస్త్ర కాలేజీలు కూడా ఆ పట్టాకు తమ విద్యార్థులను చదివించే దారి తెరుచుకుంది. ఇప్పటికీ తెలుగునాట చర్చి గోడల మీది శిలాఫలకాల్లో అయ్యగారి పేరు పక్కన కనిపించే బి.డి. అన్న రెండక్షరాల వెనక ఉన్నది ఈ డెన్మార్క్ సనదే. ఇంటరు చదివినవాళ్లకు అది ఐదేళ్ల చదువు, డిగ్రీ ఉన్నవాళ్లకు నాలుగేళ్లది.

ఆ చదువులో హెబ్రీ మొదటిరోజు ఎలా ఉంటుందో తెలుగు పిల్లవాడి వైపు నుంచి చూడాలి. అక్షరాలు 22. రాత కుడి నుంచి ఎడమకు. అన్నీ హల్లులే. అచ్చులను చుక్కలుగా, గీతలుగా అక్షరం కిందా పైనా పెట్టే పద్ధతిని దాదాపు వెయ్యేళ్ల కిందట మసోరెతులనే యూదు పండితులు స్థిరపరిచారు. ఇంగ్లీషు పిల్లవాడికి ఇది వింత. గుణింతం దిద్దిన తెలుగు పిల్లవాడికి పాత చుట్టమే. క కింద గీత పెడితే ఒక పలుకు, చుక్కలు పెడితే ఇంకో పలుకు అనగానే తలకట్టు, దీర్ఘం, గుడి గుర్తొస్తాయి. ఒకే అక్షరం నెత్తిన చుక్క కుడివైపు ఉంటే ష, ఎడమవైపు ఉంటే స.

ఖమ్మం వైపు విద్యార్థికి ఇంకో లాభం ఉంది. నిజాం ఏలుబడి వదిలిపోయిన ఉర్దూ మాటలు ఇక్కడి నోళ్లలో ఇంకా ఆడుతున్నాయి. ఉర్దూలోకి అరబ్బీ నుంచి వచ్చిన మాటలు హెబ్రీకి అన్నదమ్ముల బిడ్డలు. హెబ్రీ ధాతువుకు మామూలుగా మూడు హల్లులు. క, త, బ కలిస్తే రాత. మనకు తెలిసిన కితాబులో ఉన్నవి ఆ మూడే. హెబ్రీలో షాలోమ్ అంటే సమాధానం, క్షేమం. వీధిలో మనం పెట్టే సలాం దాని తోబుట్టువు. రాజును హెబ్రీలో మెలెక్ అంటారు. మాలిక్ అన్న మాట తెలిసినవాడికి అది ఒక్కసారి వింటే చాలు. ఇన్ని ఆసరాలు ఇంట్లోనే ఉండగా మన విద్యార్థులు హెబ్రీని ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల మీదుగా, ఇంగ్లీషు పిల్లల కష్టాలన్నీ అరువు తెచ్చుకుని నేర్చుకోవడం బాధాకరం.

కొత్త నిబంధన గ్రీకును కొయినే అంటారు. అంటే అందరిదీ, నలుగురూ వాడేది అని. హోమరు కావ్యభాష కాదది, బజారులో బేరమాడే భాష. కోయలు తమను తాము కోయితోర్ అని చెప్పుకుంటారు. కొయినే, కోయితోర్ పేర్లకు ఏ చుట్టరికమూ లేదు. అయినా సామాన్యుల నోటి భాషలో పుట్టిన పుస్తకం మళ్లీ సామాన్యుల నోటి భాషలోకే రావడంలో ఒక న్యాయం ఉంది.

ఆ రావడం ఎంత కష్టమో లూకా ఏడో అధ్యాయం చూపిస్తుంది. ఒక రోమా శతాధిపతి పనివాడు చావుబతుకుల్లో ఉంటాడు. యూదుల పెద్దలు యేసు దగ్గరికి వచ్చి, ఈ అధికారి తమ జనాన్ని ప్రేమిస్తాడనీ ప్రార్థనా మందిరం కట్టించాడనీ చెబుతారు. గ్రీకులో ఉన్నది ఒకే సర్వనామం. తెలుగులోకి తెచ్చేటప్పుడు మా జనం అనాలా, మన జనం అనాలా? యేసూ యూదుడే కాబట్టి మన అనడం సహజం. మరి మందిరం? అది కపెర్నహూము ఊరి పెద్దలది. మాకు కట్టించాడు అనాలా, మనకు కట్టించాడు అనాలా? మా అంటే యేసును పరాయివాడిని చేసినట్టు, మన అంటే ఆ ఊరివాడిని చేసినట్టు. గ్రీకుకు ఈ చిక్కు లేదు, ఇంగ్లీషుకూ లేదు. మేము, మనము అని రెండు ఉన్న భాషలవాళ్లే దీన్ని విప్పాలి. ఇంగ్లీషు మీదుగా వచ్చే విద్యార్థికి ఇక్కడ ఒక ప్రశ్న ఉందన్న సంగతే తట్టకపోవచ్చు. మూలం చదివి తన భాషను తెలివితో పట్టుకున్నవాడికి ఇది వెంటనే తగులుతుంది.

ఆత్మ అన్న మాటా అంతే. హెబ్రీలో రూఆహ్ అంటే గాలి, ఊపిరి, ఆత్మ మూడూను. వ్యాకరణంలో ఎక్కువగా స్త్రీలింగం. గ్రీకు ప్న్యూమ నపుంసకం. తెలుగు సంఘం పరిశుద్ధాత్మను ఆయన అంటుంది. ఒక్క మాట మూడు ఊళ్లు దాటి మూడు లింగాలు మార్చుకుంది. కోయలో ఏ మాట పెట్టాలన్నది గాలికీ ఊపిరికీ దేవరకూ తన ఇంట్లో ఏ మాట వాడతారో తెలిసిన మనిషే తేల్చాలి.

అడవి అంచుకు అందిన చదువు చాలా కాలం ఇంత లోతు లేనిది. డోర్నకల్ దానికి గుర్తు. కొత్తగూడెం ఊళ్లోని భద్రాచలం రోడ్డు స్టేషనుకు రైలు చీలే జంక్షను అది. తిరునెల్వేలి నుంచి 1909లో అక్కడికి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1920లో కేంబ్రిడ్జి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకుని, పల్లె ఉపదేశకులకు అర్థమయ్యేలా పాఠాలు రాశాడు. ఆయన ముందున్న అవసరం వందల పల్లెలకు బోధకులు. అందుకే భార్యాభర్తలను కలిపి చదివించి, వాక్యం చదవడం, పాట పాడడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం నేర్పి పంపారు. హెబ్రీ, గ్రీకు నేర్పడానికి అప్పట్లో తీరికా లేదు, డబ్బూ లేదు. ఆ నిర్ణయం ఆనాటికి సరైనదే. కాకపోతే తాత్కాలికంగా వేసిన పాక చాలామందికి శాశ్వత ఇల్లయిపోయింది.

1945 జనవరి 1న అజరయ్య పోయారు. 1947లో ఆయన కలగన్న సంఘ ఐక్యత దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సి.ఎస్.ఐ.గా నిజమైంది. చదువులో ఐక్యతకు ఇంకొంచెం సమయం పట్టింది. రామాపట్నం, కాకినాడ బాప్టిస్టుల సెమినరీలు, రాజమండ్రి లూథరన్లది, డోర్నకల్‌లోది దేని దారి దానిదే. 1964లో ఇవన్నీ కలిసి రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాలగా ఏర్పడ్డాయి. 1970లలో అది హైదరాబాదు దిగువ ట్యాంక్‌బండ్ పక్కకు మారింది. బాప్తిస్మం దగ్గర విడిపోయిన సంఘాల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని ఆ గ్రీకు క్రియనే కలిసి చదివే రోజు వచ్చింది. శ్రీరాంపూర్ సెనేట్ పట్టా తెలుగు విద్యార్థికి సొంత రాష్ట్రంలో, తెలుగు మాట్లాడే గురువుల దగ్గర దొరికింది.

అంటే ఖమ్మం కుర్రవాడికి దూరం తగ్గింది. దుమ్ముగూడెం కోయ కుర్రవాడికి? అతను ఇంట్లో కోయ మాట్లాడతాడు, బడిలో తెలుగు చదువుతాడు, కాలేజీలో ఇంగ్లీషు నేర్వాలి, ఆ తరవాతే హెబ్రీ గుమ్మం. మూడు వాకిళ్లు దాటాక నాలుగోది. పైగా పాలకుల గీతలూ కుదురుగా లేవు. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో చింతూరు, కూనవరం, వర రామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం కొత్త జిల్లా అయింది. కోయ మాట్లాడే చుట్టాలు ఇప్పుడు రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల మధ్య చీలిపోయారు.

కోయను పండితులు పట్టించుకోలేదని కాదు. అమెరికన్ భాషావేత్త స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాట మీద రాసిన వ్యాకరణం 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించింది. వుల్జ్‌లీ హేగ్ పదపట్టిక, కెయిన్ వ్యాసాలు, టైలర్ వ్యాకరణం మూడూ బయటివాళ్లు చేసిన మంచి పనులు. వాటిని కృతజ్ఞతతో తీసుకోవాలి. కానీ కోయ ఇంట్లో పుట్టిన మనిషి హెబ్రీ కీర్తనను హెబ్రీలోనే చదివి, తెలుగునూ ఇంగ్లీషునూ పక్కన పెట్టి, తన అమ్మ మాటలో చెప్పడం వేరే సంగతి. బి.డి. పట్టాకు ఈ అడవి అంచున ఉన్న అసలు ప్రయోజనం అదే.

ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల సంఘాలు ఈ ఏడే మొదలుపెట్టదగిన పని ఒకటుంది. కొత్త మందిరానికి ఇంకో అంతస్తు వేసే ముందు, ఇంట్లో కోయ మాట్లాడే ఒక అబ్బాయినో అమ్మాయినో ఎంచండి. ఐదేళ్ల ఫీజు, హాస్టలు ఖర్చు సంఘమే పెట్టుకుని, హెబ్రీ, గ్రీకు రెండూ చదివి రమ్మని పంపండి. తిరిగి వచ్చాక ముందుగా లూకా ఏడో అధ్యాయం చేతిలో పెట్టి, మా అనాలో మన అనాలో ఆ పిల్లలనే అడగండి.